పోకర్ మీద ప్రమాణం

ప్రశ్న: పద్దెనిమిదో శతాబ్దంలో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఒక క్లబ్బువాళ్లు, పొయ్యిలో బొగ్గులు ఎగదోసే ఇనపకడ్డీ (పోకర్) పట్టుకుని ప్రమాణం చేసేవారని చదివాను. నిజమా? అక్కడి గోల్ఫర్లు వెండి కర్రకు బంతులు వేలాడదీస్తారని కూడా విన్నాను. చదువుకున్న పెద్దమనుషులకు ఇవేం చేష్టలండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: నిజమేనమ్మా. అది కేప్ క్లబ్. 1764లో పద్ధతిగా ఏర్పడింది. సభ్యులందరూ ‘సర్’లే. బిరుదు రాజుగారిచ్చింది కాదు, వాళ్లకు వాళ్లే తగిలించుకున్నది. కవి రాబర్ట్ ఫెర్గుసన్ సర్ ప్రిసెంటర్, అంటే చర్చిలో కీర్తనలు ఎత్తుకునేవాడు. చిత్రకారుడు రన్సిమన్ సర్ బ్రిమ్‌స్టోన్, గంధకంగారు!

కొత్తగా చేరేవాణ్ణి ఇద్దరు సభ్యులు క్లబ్బు ‘మహారాజు’ ముందుకు నడిపించుకొస్తారు. వంగి దండం పెట్టాక అతను ఎడమచేత్తో పెద్ద ఉక్కు పోకర్ పట్టుకుని, కుడిచెయ్యి గుండెల మీద వేసుకుని, రాత్రీ పగలూ నమ్మకమైన వీరుడిగా ఉంటానని పద్యంలో ప్రమాణం చెయ్యాలి. కోర్టులో దేవుడి పేరు వచ్చే చోట ఇక్కడ పోకర్ పేరు వస్తుంది. నవ్వు ఆపుకుని ఎలా పలికేవారో గానీ, రాజదండాన్ని ఇంతకన్నా చక్కగా వెక్కిరించినవాళ్లు నాకు తెలిసి లేరు. ఈ వీరుల్లో డీకన్ (అంటే వృత్తిసంఘం పెద్ద) బ్రోడీ కూడా ఒకడు. పగలు నగర కౌన్సిల్లో పెద్దమనిషి, రాత్రి కన్నాలు వేసే దొంగ. 1788లో ఉరితీశారు. పోకర్ ఆయన్ని కాపాడలేదు.

వెండి కర్ర మాత్రం వేళాకోళం కాదు. 1744లో నగర కౌన్సిల్, లీత్ మైదానంలో గోల్ఫ్ ఆడేవాళ్లకు దాన్ని పందెంగా ఇచ్చింది. గెలిచినవాడు ఆ ఏటికి కెప్టెన్. కర్ర అతని సొంతం కాదు సరికదా, దానికి తనే ఓ ముక్క (మీరు విన్న బంతి అదే) చేయించి తగిలించాలి. చేతిచమురు భాగోతమే! కానీ అలా ఏటేటా తగిలిస్తూ పోతే ఆ కర్రే క్లబ్బు దస్తరం అయిపోతుంది. మొదటి విజేత జాన్ రాట్రే అనే సర్జన్. మరుసటేడూ ఆయనే. తర్వాత బ్రిటన్ సింహాసనం కోసం తిరగబడ్డ చార్లెస్ స్టువర్ట్ సేనకు వైద్యం చేసి, 1746లో కలోడెన్ యుద్ధంలో ఆ సేన ఓడాక ఖైదయ్యాడు. ప్రాణాలతో బయటపడి 1751లో మళ్లీ గెలిచాడు.

ఈ పద్ధతి గోల్ఫ్‌తో మొదలైంది కాదు. సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీ కుర్రాళ్లు అంతకు వందేళ్ల ముందే విలువిద్యలో గెలిచి వెండి బాణాలకు పతకాలు వేలాడదీసేవారు. తర్వాత సేనానిగా పేరుపడ్డ మాంట్రోజ్ 1628లో తగిలించిన పతకం ఇప్పటికీ ఉంది.

అదే ఊళ్లో గోల్ఫర్లు 1754లో సొంత వెండి కర్ర చేయించుకున్నారు. ఇప్పుడక్కడ పందెం పేరుకే. పోటీదారు ఒక్కడే, కాబోయే కెప్టెన్. ఫిరంగి పేలుతుంది, ఒక్క షాట్ కొడతాడు, కర్ర గెలిచేసినట్టే. అసలు పోటీ కాడీల (ఆటగాళ్ల కర్రల సంచి మోసేవాళ్ల) మధ్య. బంతి ముందు దొరకబుచ్చుకున్నవాడికి కెప్టెన్ ఒక సావరిన్, అంటే బంగారు నాణెం, ఇస్తాడు.