బోరు కోసం బంగారం తాకట్టు పెట్టే ముందు

ప్రశ్న: హైదరాబాద్‌లో సొంత ఇల్లు, నలుగురం ఉంటాం. జలమండలి నీళ్లు నెలకు 14 వేల లీటర్లు వాడుతున్నాం, ఉచిత పథకంలో బిల్లు సున్నా. అవి చాలక 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు తెప్పిస్తున్నాం, ఒక్కోటి 800. లక్షన్నర గోల్డ్ లోన్ తీసుకుని బోరు వేయించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్కేస్తారు. ఆ లెక్కన మీకు నెలకు 16,200 చాలు, వస్తున్నవి 34 వేలు. అంటే రోజుకు 590 లీటర్ల దాకా లెక్క తేలడం లేదు. బిల్లు సున్నా కాబట్టి లీకు అక్కడ కనపడదు, ట్యాంకర్ ఖర్చులో కనపడుతోంది.

మొదటి అనుమానం ఫ్లష్ ట్యాంకు మీదే. మూత తీసి చిటికెడు మిఠాయి రంగు కలపండి. అరగంట ఎవరూ ఫ్లష్ చేయొద్దు. కమోడ్‌లోకి రంగు దిగిందా, అడుగున వాషర్ పోయినట్టు, లేదా ట్యాంకు నిండగానే నీళ్లు ఆపాల్సిన ఫ్లోట్ వాల్వ్ మూసుకోక నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి జారుతున్నట్టు. ట్యాంకర్‌లో వచ్చే ఉప్పు నీళ్లకు వాషర్ కూర్చునే చోట తెల్లటి పొర గడుతుంది. దాన్ని గీకకుండా కొత్త వాషర్ వేస్తే మళ్లీ కారుతుంది. సన్నటి ధారే కదా అనుకోవద్దు: నిమిషానికి 400 మిల్లీలీటర్లు పోతే రోజుకు 576 లీటర్లు!

ఫ్లష్ బాగానే ఉంటే సంపు చూడాలి. రాత్రి 10 గంటలకు సంపులోకి వచ్చే వాల్వ్ కట్టేసి, మోటారు ఆపి, కర్రతో లోతు కొలవండి. పొద్దున 6కి మళ్లీ కొలవండి. సంపు 2 మీటర్లు బై 2.5 మీటర్లు ఉంటే ఒక్క సెంటీమీటరు తగ్గినా 50 లీటర్లు పోయినట్టే. మట్టం తగ్గుతూ తగ్గుతూ ఒకచోట ఆగిపోతే పగులు ఆ ఎత్తులోనే ఉంటుంది. ఎక్కువగా పైపు గోడలోకి దిగే చోటే. అక్కడ పూత వేయిస్తే సరిపోతుంది, సంపు మొత్తం చేయించక్కర్లేదు.

లీకు ఆగితే జలమండలి నీళ్లు పోను నెలకు ఇంకా కావాల్సినవి 2,200 లీటర్లే. రెండు నెలలకో ట్యాంకర్ చాలు. 3,200 ఖర్చు నాలుగైదు వందలకు దిగుతుంది. లోనుకైతే 12 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 18 వేలు. పైగా బోరుకు వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టం) కింద అనుమతి కావాలి, నీళ్లు పడతాయన్న హామీ లేదు.

రిపేరు చేయించి రెండు నెలలు ట్యాంకర్లు లెక్కపెట్టండి. అప్పటికీ నెలకు రెండు దాటితే బోరు సంగతి మాట్లాడుకుందాం.