తొందరపడవలసిన చోట్లు, తొందరపడకూడని చోట్లు

విశాఖపట్నం గాజువాకలో పెరిగి, అక్కడే ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఈ ఆగస్టులో టెక్సాస్‌లో ఎంఎస్‌లో చేరబోతున్న ఒక యువకుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. తండ్రిగారు ఉక్కు కర్మాగారంలో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. ఇల్లు బ్యాంకుకు తాకట్టు పెట్టి 40 లక్షల రూపాయల విద్యారుణం తీసుకున్నారు. రెండేళ్లలో ఆ అప్పు తీర్చి, మూడో ఏడాది మధురవాడలో తల్లిదండ్రులకు ఒక ఫ్లాటు కొనాలని ఈ అబ్బాయి సంకల్పం. మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోనిచ్చే కాలేజీకి మారిపొమ్మని ఒక సీనియరు, లేని ఏడేళ్ల అనుభవం చూపించి ఉద్యోగం ఇప్పించే కన్సల్టెన్సీలో చేరమని ఇంకొకరు, ఇవేవీ అక్కర్లేదు, షేరు మార్కెట్లో ఆప్షన్స్ ట్రేడింగ్ నేర్చుకుంటే చాలని మరొకరు చెబుతున్నారట. వీటిలో త్వరగా గట్టెక్కించే దారి ఏది అని ఆయన అడుగుతున్నారు.

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్న సామెత చెప్పి చేతులు దులుపుకోవాలని నాకు లేదు. ఇల్లు తాకట్టులో ఉన్నవాడు నిలబడి నీళ్లు తాగుతూ కూర్చోలేడు. వడ్డీ 11 శాతం అనుకుంటే, అప్పు మొత్తం విడుదలయ్యాక ఏడాదికి 4 లక్షల 40 వేల రూపాయలు, అంటే నెలకు దాదాపు 36,700 రూపాయలు, మీరు చదువుతున్నా నిద్రపోతున్నా పెరుగుతూనే ఉంటాయి. కాబట్టి మీ తొందరలో తప్పేమీ లేదు. అయితే విద్యార్థి వీసా మీద అమెరికా వచ్చినవారికి ఇక్కడి కాలం తమ చేతిలో ఉండదు. ఏ పని ఎప్పుడు మొదలుపెట్టవచ్చో, ఎన్ని రోజులు ఖాళీగా ఉండవచ్చో, ఏ నెలలో దరఖాస్తు పెట్టాలో అన్నీ నిబంధనల్లో ముందే రాసి ఉన్నాయి. ఆ గడువుల లోపల ఎంత వేగంగా కదిలితే అంత లాభం. వాటిని దాటి ఒక్క అడుగు వేసినా ఎప్పుడో గ్రీన్‌కార్డు దశలో దానికి లెక్క చెప్పవలసి వస్తుంది.

ముందు చేయకూడని పనుల సంగతి చూద్దాం. ఎఫ్‌1 అనే విద్యార్థి వీసా మీద తరగతులు నడుస్తున్న రోజుల్లో వారానికి 20 గంటల వరకు క్యాంపస్‌లోనే పని చేయవచ్చు. లైబ్రరీలోనో భోజనశాలలోనో గంటకు 12 డాలర్లు వచ్చాయనుకున్నా నెలకు సుమారు 1,000 డాలర్లు. అద్దెకూ తిండికీ సరిపోతుందేమో గానీ విశాఖలోని అప్పు దానితో తీరదు. అందుకే చాలామంది పెట్రోలు బంకుల్లో, రెస్టారెంట్లలో చేతికి నగదు తీసుకుని పని చేస్తుంటారు. అది అనుమతి లేని పని. పట్టుబడితే స్టేటస్, అంటే ఇక్కడ చట్టబద్ధంగా ఉండే హోదా, పోతుంది. జీతం ఎగ్గొట్టినా గట్టిగా అడగలేరని తెలిసిన యజమానులే ఆ పనులు ఇస్తారన్నది కూడా గుర్తుంచుకోండి.

‘డే-1 సీపీటీ’ అని మీ సీనియరు చెబుతున్నది ఇంతకంటే మర్యాదగా కనిపించే ప్రమాదం. సీపీటీ, అంటే చదువులో భాగంగా చేసే ఉద్యోగ శిక్షణకు మామూలుగా ఒక పూర్తి విద్యా సంవత్సరం ముగియాలి. కోర్సు స్వభావాన్ని బట్టి తక్షణ శిక్షణ తప్పనిసరి అయితే పీజీ విద్యార్థులకు మినహాయింపు ఉన్న మాట నిజమే. ఆ మినహాయింపునే వ్యాపారంగా మార్చుకున్న కాలేజీలతోనే చిక్కు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీపై ఇమ్మిగ్రేషన్ అధికారుల దాడి జరిగినప్పుడు అందులో ఉన్న విద్యార్థుల్లో అత్యధికులు అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చినవారే. కొందరి కాళ్లకు జీపీఎస్ పట్టీలు కట్టిన ఫొటోలు అప్పట్లో తెలుగు పత్రికలన్నీ వేశాయి. దాని అధిపతికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. అయినా 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో మళ్లీ అదే కథ. ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అనే పేరుతో అసలు తరగతులే లేని ఒక సంస్థను ఇమ్మిగ్రేషన్ అధికారులే వలగా నడిపారు. అందులో చేరిన సుమారు 600 మందిలోనూ, వారిని చేర్పించినందుకు కేసులు ఎదుర్కొన్న ఎనిమిది మందిలోనూ తెలుగువారే ఎక్కువ. పాఠాలు చెప్పే మనిషే లేని కాలేజీకి ఫీజు కట్టేటప్పుడు మనసులో ఏమీ తోచలేదంటే నమ్మడం కష్టం. ఈ ఉదంతం జరిగినప్పుడు మన సంఘాల్లో విద్యార్థులపై జాలి వినిపించినంతగా ఈ మాట వినిపించలేదు.

కన్సల్టెన్సీ మాటకు వస్తే, వలస కుటుంబాలు ఇక్కడ నిలదొక్కుకోవడానికి సాయపడిన సక్రమమైన సంస్థలు ఉన్నాయి. మీకు చెబుతున్నది వాటి గురించి కాదు. గెస్ట్‌హౌస్‌లో ఆరుగురిని ఉంచి, రెండు నెలల కోర్సు చెప్పి, రెజ్యూమేలో లేని ఏడేళ్లు ఎక్కించి కంపెనీలకు తిప్పే, వాళ్ల భాషలో ‘మార్కెటింగ్‌లో పెట్టే’ వాటి గురించి. నేను ఉద్యోగులను ఎంపిక చేసే పక్క కూర్చుని ఇలాంటివి చాలాసార్లు చూశాను. ఒక వీడియో ఇంటర్వ్యూలో అభ్యర్థి రెజ్యూమే ప్రకారం హైదరాబాద్‌లో ఒక బ్యాంకు ప్రాజెక్టులో నాలుగేళ్లు పనిచేశాడు. చదువు పూర్తయిన సంవత్సరం మాత్రం కాగితంలో ఎక్కడా లేదు. సాంకేతిక ప్రశ్నలు వేసినప్పుడల్లా ఒక క్షణం నిశ్శబ్దం, కీబోర్డు చప్పుడు, ఆ తరువాత పుస్తకంలో అచ్చేసినట్టు జవాబు. చివరికి, మీ ఆఫీసు ఏ ప్రాంతంలో ఉండేది, ఇంటి నుంచి ఎలా వెళ్లేవారు అని తెలుగులోనే అడిగాను. ఆ అబ్బాయి కళ్లు తెరకు ఎడమ పక్కన ఎవరినో వెతికాయి. ఆ వైపు నుంచి ఈసారి ఏ సాయమూ రాలేదు. మంచి తెలివితేటలున్న కుర్రాడే. ఉన్నది ఉన్నట్టుగా, కొత్తగా చదువు ముగించినవాడిగా వచ్చి ఉంటే తక్కువ జీతంతోనైనా తీసుకోవడానికి మా బృందం సిద్ధంగానే ఉండేది.

ఇంటర్వ్యూలో దొరికిపోవడం అన్నిటికంటే చిన్న నష్టం. చదువు పూర్తయ్యాక ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ అనే అనుమతి 12 నెలలు. సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణిత కోర్సులవారికి మరో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. మొదటి 12 నెలల్లో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. పొడిగింపుతో కలిపి 150 రోజులు. ఆ 90 రోజుల గండం దాటించడానికి పనే లేని ఆఫర్ లెటరు ఇచ్చే సంస్థలున్నాయి. అలాంటి కాగితపు కంపెనీల పేరు తమ రికార్డులో ఉన్నందుకే, వాటిని వదిలి మంచి ఉద్యోగాల్లో కుదురుకున్నవారికి కూడా ఏళ్ల తరువాత హెచ్‌1బీ ఉద్యోగ వీసాలు, వీసా స్టాంపింగులు తిరస్కరణకు గురయ్యాయి. ప్రయోజనం పొందడానికి కావాలని అబద్ధం చెప్పినట్టు అధికారులు నిర్ధారిస్తే ఆ ముద్రకు కాలపరిమితి లేదు. జీవితాంతం ఉంటుంది, మాఫీ దొరికే సందర్భాలు బహు తక్కువ. హైదరాబాద్ కాన్సులేట్ వీసా కోసం నింపిన డీఎస్-160 దరఖాస్తు, ఇక్కడ నింపిన ప్రతి ఫారము, పన్ను పత్రాలు అన్నీ ఏనాటికైనా ఒకే బల్ల మీద పక్కపక్కన చేరతాయి. ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితి వల్ల గ్రీన్‌కార్డుకు మనవారు పదేళ్లు దాటి ఎదురుచూస్తున్న రోజులివి. అంతకాలం నిలబడగలిగే అబద్ధం నేను చూడలేదు.

అడ్డదారి ఒకరికి కలిసివచ్చినా మీ వంతు వచ్చేసరికి మూసుకుపోతుందనడానికి హెచ్‌1బీ లాటరీయే నిదర్శనం. ఏటా ఇచ్చే హెచ్‌1బీలు 65,000, అమెరికాలో పీజీ చేసినవారికి అదనంగా 20,000. 2023 మార్చిలో దాదాపు 7 లక్షల 80 వేల రిజిస్ట్రేషన్లు వచ్చాయి. వాటిలో 4 లక్షలకు పైగా ఒకే మనిషికి రెండు మూడు కంపెనీలు వేసినవే. మరుసటి ఏడాది నుంచి ఎన్ని కంపెనీలు వేసినా మనిషికి ఒకే అవకాశం అని నిబంధన మార్చారు. 2026 నుంచి జీతం స్థాయి ఎక్కువగా ఉన్నవారికి లాటరీలో ఎక్కువ వాటా ఇస్తున్నారు. అమెరికా బయట ఉన్నవారికోసం వేసే కొత్త దరఖాస్తులపై 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అంటే స్టేటస్ పోగొట్టుకుని విశాఖకు తిరిగివెళ్లి, అక్కడి నుంచి మళ్లీ ప్రయత్నిద్దామన్న ధీమాకు కూడా ఇప్పుడు ఆస్కారం తక్కువ.

ట్రేడింగ్ గురించి ఎక్కువ చెప్పను. మన దేశంలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన కోటి మందికి పైగా చిన్న మదుపరుల్లో మూడేళ్లలో 93 శాతం మంది నష్టపోయారని షేరు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో లెక్కతేల్చింది. వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. అమెరికా మార్కెట్లో మీకు అదనంగా ఒక చిక్కు ఉంది. ఎఫ్‌1 విద్యార్థులు తొలి ఐదు క్యాలెండరు సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్లు. ఏడాదిలో 183 రోజులు ఇక్కడ ఉన్నవారి షేర్ల లాభంపై నికరంగా 30 శాతం పన్ను పడుతుంది. ఈ ఏడాది నష్టాన్ని వచ్చే ఏడాది లాభంలో తీసివేసుకునే వీలు కూడా ఉండదు. రూమ్మేట్లు మామూలు 1040 పన్ను ఫారమే నింపుతున్నారని మీరూ నింపకండి. మీది 1040-ఎన్ఆర్, ఆదాయం లేని ఏడాది కూడా 8843 ఫారము పంపాలి.

ఇక వేగంగా కదలవలసిన చోట్లు. మీరు ఆగస్టులో చేరుతున్నారు, అది మంచిదయింది. జనవరిలో చేరేవారికి మొదటి వేసవి వచ్చేసరికి విద్యా సంవత్సరం పూర్తికాదు కనుక ఇంటర్న్‌షిప్ చేసే అనుమతి సాధారణంగా రాదు. మీకు వచ్చే మే నెలలోనే వస్తుంది. ఆ వేసవి ఇంటర్న్‌షిప్‌లకు పెద్ద కంపెనీలు దరఖాస్తులు తీసుకునేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, అంటే మీరు విమానం దిగి ఇంకా వంటగిన్నెలు కొనుక్కుంటున్న రోజుల్లో. మనవాళ్లు చాలామంది మొదటి సెమిస్టరు అలవాటుపడటానికి, రెండోది దరఖాస్తులకు అనుకుంటారు. రెండోది వచ్చేసరికి మంచివి భర్తీ అయిపోతాయి. కాబట్టి ద్వారకానగర్‌లో బ్యాగులు కొనే హడావుడిలో ఉన్న ఈ నెలల్లోనే ఒక పేజీ రెజ్యూమే నిజాయితీగా తయారుచేసుకోండి. మీ ఫైనలియర్ ప్రాజెక్టును ఎవరైనా తెరిచి చూసి నడిపించగలిగేలా శుభ్రం చేసి పెట్టండి. విశాఖలో ఉండగానే ఇంగ్లీషులో ఆ ప్రాజెక్టును పదినిమిషాలు ఆగకుండా వివరించడం సాధన చేయండి. వేసవి ఇంటర్న్‌షిప్ చేసిన చోటే ఉద్యోగం ఖాయమైతే 90 రోజుల భయమే ఉండదు. ఇంటర్న్‌షిప్ పేరుతో పూర్తికాలపు సీపీటీ 12 నెలలకు చేరితే మాత్రం ఓపీటీ హక్కు పోతుంది, ఆ లెక్క మీరే రాసుకోండి. ఓపీటీకి కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. మొదటి వారంలోనే చేయండి. ఏ సందేహమైనా ముందు కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారిని అడగండి, తరువాతే సీనియర్లను.

సక్రమమైన దారి మీరు అనుకుంటున్నంత నెమ్మదిగా కూడా ఉండదు. టెక్సాస్‌లో ఏడాదికి 85,000 డాలర్ల ఉద్యోగం దొరికిందనుకుందాం. అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. నాన్ రెసిడెంట్‌గా ఉన్నంతకాలం సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పేరుతో కోసే 7.65 శాతం మీకు ఉండదు. ఇతర దేశాల విద్యార్థుల్లో చాలామందికి లేని స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో కొంత భాగాన్ని పన్ను లెక్క నుంచి తీసివేసే) సౌకర్యం భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల మీకు ఉంది. ఫెడరల్ పన్ను పోగా నెలకు 6,000 డాలర్లకు కాస్త అటూఇటూగా చేతికి వస్తాయి. ఇద్దరు ముగ్గురితో కలిసి ఉంటూ, పాత కారు నడుపుతూ, అందులో 3,500 డాలర్లు పంపగలిగితే వడ్డీతో పెరిగిన మీ అప్పు మారకం విలువను బట్టి ఏడాదిన్నరలోనో కొంచెం పైనో తీరిపోతుంది. చదువుతో కలిపి మూడున్నర నుంచి నాలుగేళ్లు. మీరు కోరుకున్న రెండేళ్ల గడువు ఏ లెక్కలోనూ కుదరదు. ఆ మాట నాన్నగారికి ఇప్పుడే చెప్పండి. బయలుదేరే ముందే చెబితే ఆయన సర్దుకుంటారు. రెండేళ్ల తరువాత బ్యాంకువారి నోటీసు చేతికి వచ్చినప్పుడు తెలిస్తే ఎవరిని నిందించాలో ఆయనకు అర్థం కాదు.

మధురవాడ ఫ్లాటుకు ఇప్పుడు అడ్వాన్సు కట్టవద్దు. ధరలు పెరిగిపోతాయని బిల్డరు మనిషి రోజూ ఫోను చేస్తున్నా, మీకు హెచ్‌1బీ వచ్చి విద్యారుణం తీరేవరకు ఆ ఆలోచన పక్కన పెట్టండి. ఇప్పటికే మాట ఇచ్చి ఉంటే, స్థిరాస్తి నియంత్రణ సంస్థ ఏపీ రెరా ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడిగి సరిచూసుకోండి. రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డరుకు లేదు. చదువుకోవడానికి వెళ్లినా విదేశీ మారకపు చట్టం (ఫెమా) నిబంధనల ప్రకారం మీరు ప్రవాసులే కనుక, గాజువాక శాఖలోని మీ సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ అనే ప్రవాసుల ఖాతాగా మార్పించుకునే ఫారము విమానం ఎక్కే ముందే తెచ్చుకుని సంతకం చేయండి. తరువాత అమెరికా నుంచి పంపాలంటే పనికిమాలిన తిప్పలు.