అల్లుడా, గ్రౌలర్ కొనేముందు ఇది చదువు

అల్లుడా, మొన్న ఫోన్ల అడిగినవ్ కదా, గచ్చిబౌలిల బీరు అక్కడనే చేసి అమ్మే బ్రూవరీల తాగితే మస్తుగున్న వీట్ బీరు, అదే గోధుమలతోని చేసేది, ఇంటికి తెచ్చేసరికి చప్పగైంది, ఏం గ్రౌలర్ కొనాలె మామా అని. గ్రౌలర్ అంటే ట్యాప్ బీరు నింపుకొని ఇంటికి తెచ్చుకునే మూత బాటిల్. ఫోన్ల సగమే చెప్పిన, అందుకే కూసొని రాస్తున్న.

కల్లు సంగతి నీకు ఎరుకే, దించినంక కూడా పులుస్తనే ఉంటది, లోపల పొంగుతనే ఉంటది, అందుకే మూత గట్టిగ బిగించరు. బీరుది ఉల్టా. దాని పులుసుడు బ్రూవరీ ట్యాంకులనే అయిపోయింది, ఇగ దాంట్ల ఉన్న గ్యాస్‌ను కాపాడుకునుడే మన పని. ట్యాప్ నుంచి బయటపడ్డ నిమిషం నుంచి గ్యాస్ పోతుంటది, గాలి దూరుతుంటది, గాలి తగిలి పాతబడ్డ బీరు తడిసిన అట్టముక్క లెక్క వాసనొస్తది.

గ్రౌలర్ మామూలు సైజు 64 ఔన్సులు, అంటే 1.9 లీటర్ల దాకా. ఒకప్పుడు అమెరికాల రేకు బకెట్లల్ల తీస్కపోయేటోళ్లట, ఇప్పటి గాజు జగ్గు 1989ల వ్యోమింగ్‌ల ఒట్టో బ్రదర్స్ అనే చిన్న బ్రూవరీతోని మొదలైంది. నువ్వు మాత్రం అంత పెద్దది కొనకు, మీరు ఇంట్ల ఇద్దరే, మూత తీసినంక ఆ రోజే అయిపోవాలె, లీటర్‌ది చాలు.

గాజుదైతే ముదురు గోధుమ రంగుదే తీస్కో. బీరుల చేదు కోసం హాప్స్ అనే పూలు ఏస్తరు కదా, వెలుతురు తగిలితే ఆ చేదు పదార్థమే ఇరిగి కంపు కొట్టేదైతది, తెల్ల గాజు అస్సలు ఆపదు, పచ్చ గాజు కూడా అంతంతే. స్టీల్‌ది రెండు పొరలది ఉంటే ఇంకా మంచిది, వెలుతురు రాదు, చల్లదనం ఆగుతది, కానీ నీళ్లకు వాడే మామూలు ఫ్లాస్క్‌ల మాత్రం బీరు పోయకు అల్లుడా, అది ప్రెషర్‌కు చేసింది కాదు, బీరు కోసమే చేసిందా అని అడిగి కొను.

నింపేటప్పుడు పక్కనే నిలబడు. బాటిల్‌ను ముందు చల్ల నీళ్లతోని కడగమను, ట్యాప్‌కు పైపు పెట్టి అడుగు నుంచి నింపాలె, పైనుంచి దబదబ పోస్తే సగం నురుగై గ్యాస్ అంత పోతది, ఆఖరికి నురుగు మూతి దాకా వచ్చినప్పుడు ఆ నురుగు మీదనే మూత పెట్టాలె, అప్పుడే పైన గాలి ఉండది. ముందుగాల కార్బన్ డయాక్సైడ్ కొట్టి ప్రెషర్ మీద నింపే మెషిన్ ఉంటే అట్లనే చేయించుకో, ఎక్కువ రోజులు ఆగుతది. ఉత్త ట్యాప్ నుంచి నింపిందైతే ఫ్రిజ్‌ల రెండు మూడు రోజులు, అంతే. బయటికి ఇస్తరా లేదా అన్నది కూడా బాటిల్ తీస్కపోయేముందే కౌంటర్ల అడుగు, బిల్లు తీస్కో.

ఇగ అసలు భయం ఎండ. ఒకసారి మే నెలల జూబ్లీహిల్స్ నుంచి ఉప్పల్ దాకా డిక్కీల పెట్టి తెచ్చిన, మధ్యల ఒక పని చూస్కొని వచ్చేసరికి బాటిల్ కాలిపోతుంది, ఇంట్ల మూత తీస్తే సగం నేల మీదనే, మిగిలింది నోట్ల పెట్టలేకపోయిన. గాజు పగలకపోవుడే నా అదృష్టం. ఐస్ బాక్స్‌ల పెట్టు, తిన్నగ ఇంటికే రా, ఫ్రీజర్‌ల మాత్రం పెట్టకు, గడ్డకడితే గాజు పగుల్తది. ఇంకోటి, అక్కడ తాగి బండి నడపకు, 100 మి.లీ. రక్తంల 30 మి.గ్రా. దాటితే కేసే, తాగిననాడు క్యాబ్‌ల రా బిడ్డా.

తాగినంక బాటిల్ ఆ రాత్రే ఉడుకునీళ్లతోని కడుగు. వాసన సబ్బు వద్దు, అది కొంచెం మిగిలినా మల్ల నురుగు నిలవది. వంట సోడా చాలు. మూత తీసి బోర్లించి ఆరబెట్టు. మూతకు రబ్బరు రింగు ఉంటది చూడు, అది పగిలితే ఎంత మంచి బాటిలైనా గ్యాస్ ఆగది, నా దగ్గర రెండు కొత్తయి ఉన్నయి, ఆదివారం వచ్చి తీస్కపో.

మీ మామ