లెక్క తప్పితే మళ్ళీ లాభం దగ్గరికి రా

బుజ్జీ,

నిన్న నువ్వు ఫోను పెట్టేశాక చాలాసేపు నీ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. "నాలుగు రోజుల నుంచి ధ్యానం చేస్తున్నాను పెద్దమ్మా, ఒక్క నిమిషం కూడా మనసు నిలవట్లేదు, నా వల్ల కాదేమో" అన్నావు. ఇరవై ఏళ్ళుగా రోజూ కూర్చుంటున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, నీ వల్ల అవుతుంది. ఫోనులో చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

మీ తాతగారు కళ్ళంలో ధాన్యం కొలిచే రోజులు నీకు తెలియవు. ఇప్పుడు కోత మిషన్లు వచ్చేశాయి గానీ, నా చిన్నప్పుడు అంతా కుంచాలతోనే కొలత. మొదటి కుంచానికి ఆయన 'ఒకటి' అనేవారు కాదు, 'లాభం' అనేవారు. లాభం, రెండు, మూడు అంటూ సాగేది. మధ్యలో గట్టు మీద నుంచి ఎవరో పలకరించేవారు, లెక్క తప్పేది. ఆయన విసుక్కోగా నేనెప్పుడూ చూడలేదు. పోసిన సంచిని మళ్ళీ రాశిలో కుమ్మరించి, కుంచం ముంచి, పైన ఎక్కువైన గింజల్ని అరచేత్తో తోసేసి, అదే గొంతుతో మళ్ళీ 'లాభం' అనేవారు.

నువ్వూ అలాగే చెయ్యి. ఊపిరి వదిలిన ప్రతిసారీ మనసులో ఒక లెక్క. లాభం, రెండు, మూడు, అలా పది దాకా. పది అయ్యాక మళ్ళీ లాభం. నాలుగు దగ్గరే ఆఫీసు గుర్తొస్తుంది, మేనేజరు అన్న మాట గుర్తొస్తుంది, రాత్రికి కూర ఏం చేయాలో గుర్తొస్తుంది. 'అరె, ఎక్కడికో పోయానే' అని తెలుస్తుంది చూడు, సాధన జరిగేది ఆ క్షణంలోనే. తిట్టుకోకుండా మళ్ళీ లాభం దగ్గరికి రా. ఐదు నిమిషాల్లో ఇరవై సార్లు పోయి ఇరవై సార్లు వెనక్కి వచ్చావంటే ఆ పూట బాగా చేసినట్టే. గీత ఆరో అధ్యాయం 26వ శ్లోకంలో కృష్ణుడు చెప్పిందీ ఇదే. మనసు ఎక్కడెక్కడికి పోతే అక్కడక్కడి నుంచి వెనక్కి తీసుకురమ్మన్నాడు. పోతుందని ఆయనకీ తెలుసు కదా.

ఊపిరిని నువ్వు లాగొద్దు, బిగబట్టొద్దు. అది ప్రాణాయామం, దాని పద్ధతి వేరు. ఇక్కడ ముక్కు పుటాల అంచున లోపలికి వెళ్ళే గాలి కాస్త చల్లగా, బయటికి వచ్చేది కాస్త వెచ్చగా తగులుతుంది. ఆ తాకిడిని గమనిస్తే చాలు. బుద్ధుడు ఆనాపానసతి అన్నది ఇలా ఊపిరిని గమనించడాన్నే. చిన్నప్పుడు నిన్ను ఆదుర్రు బౌద్ధ స్తూపం దగ్గరికి తీసుకెళ్ళాను, బండి చక్రంలా కట్టిన ఇటుకల పునాది చుట్టూ పరిగెత్తావు, గుర్తుందా? ఊపిరిని చూస్తూ కూర్చోవడం మన కోనసీమకి కొత్తగా వచ్చింది కాదమ్మా.

మొదట్లో నేను చేసిన పొరపాటు నువ్వు చెయ్యకు. మొదటి రోజే గంటసేపు పద్మాసనం వేసుకుని కూర్చున్నాను. మోకాళ్ళు పట్టేశాయి, నాలుగో రోజుకి మానేశాను. మళ్ళీ మొదలుపెట్టడానికి రెండేళ్ళు పట్టింది. నువ్వు వారం పాటు ఐదు నిమిషాలే కూర్చో. ఇంకా కూర్చోవాలనిపించినా లేచెయ్యి. రెండో వారం ఎనిమిది, నెలయ్యేసరికి పది. పొద్దున్న పళ్ళు తోముకుని, కాఫీ తాగకముందే కూర్చో. భోజనం చేసి కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది. ఫోన్లో అలారం పెట్టి, ఫోను బోర్లించెయ్యి.

కింద కూర్చుంటే పిరుదుల కింద దుప్పటి నాలుగు మడతలు వేసుకో. మోకాళ్ళు తుంటి కంటే కిందికి దిగితే నడుము దానంతటదే నిలబడుతుంది. కుర్చీలో కూర్చున్నా తప్పేమీ లేదు, పాదాలు నేలకి ఆనితే చాలు. కాలు తిమ్మిరెక్కితే మెల్లగా కదుపు.

ఇక అసలు భయపడాల్సిన సంగతి ఒకటుంది. కదలకుండా కూర్చుంటే లోపల అణచిపెట్టిన దుఃఖం పైకి వస్తుంది. మీ పెదనాన్నగారు పోయాక నేను కూర్చున్న మొదటి నెలలో ఎన్నోసార్లు ఏడ్చాను. వీధి అరుగు మీద కూర్చుంటే కాలువ రేవులో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపించేది, అదే పట్టుకుని కూర్చునేదాన్ని. నీకు ఏడుపొస్తే రానీ. కానీ గుండె దడదడలాడి, ఊపిరి ఆడనట్టుంటే మాత్రం పట్టుదలకి పోకు. కళ్ళు తెరువు, పాదాల కింద నేల తెలిసేలా నొక్కి నిలబడు, కిటికీ దగ్గరికెళ్ళి చెట్టునో మనిషినో చూడు. అదే పదేపదే జరిగితే డాక్టరుతో మాట్లాడు. నిరుడు నీకు రాసిచ్చిన టెన్షన్ మాత్రలు ధ్యానం మొదలుపెట్టానని నీ అంతట నువ్వు ఆపొద్దు. ఇందులో నా మాట కాదనకు తల్లీ.

పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్ళమంటావా అని అడిగావు. మన ఏలూరు దగ్గర విజయరాయిలోనే కేంద్రం ఉంది, ఫీజు తీసుకోరు. అయితే అక్కడ రోజుకి దాదాపు పది గంటలు కూర్చోవాలి, మాట ఉండదు, ఫోను మొదటి రోజే ఇచ్చెయ్యాలి. మంచిదే, కానీ ఇప్పుడే వద్దు. ఆర్నెల్లు ఇంట్లో కూర్చో, డాక్టరుని కూడా అడుగు, తర్వాత చూద్దాం.

'ఏమైనా తేడా తెలిసిందా' అని రోజూ వెతుక్కోకు. నాకు మూడో నెలలో తెలిసింది, అదీ ధ్యానంలో కాదు. కౌలు డబ్బుల దగ్గర ఒకాయన మాట తూలితే, ఎదురు అనబోయి ఒక్క ఊపిరి ఆగాను. ఆ ఒక్క ఊపిరి ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆ రోజంతా ఆశ్చర్యపోయాను.

సంక్రాంతికి వస్తావుగా. అరుగు మీద రెండు తుంగచాపలు పరిచి ఉంచుతాను. తెల్లవారుజామున కాలువ మీద నుంచి మంచు కమ్ముకుంటుంది, శాలువా మర్చిపోకు.

మీ పెద్దమ్మ