టిఫా స్కాన్‌కి ఏ సెంటర్‌కి వెళ్లాలి? మేం చూసుకున్నవి ఇవీ

మీ ఆవిడకి అయిదో నెల, డాక్టరు టిఫా (బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే స్కాన్) రాశారు, ఊళ్లో ఉన్న ప్రైవేట్ స్కానింగ్ సెంటర్లలో దేన్ని నమ్మాలి, ఇన్నిసార్లు స్కాన్ తీస్తే బిడ్డకి ఏమన్నా అవుతుందా అని అడిగారు. మా పాప కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇదే టెన్షన్.

4డి బోర్డు, ఏసీ హాలు సంగతి పక్కన పెట్టండి. ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: స్కాన్ డాక్టరే స్వయంగా తీస్తారా?

ఎందుకంటే ఎన్‌టీ స్కాన్‌కి (బిడ్డ మెడ వెనక నీటి పొర మందం కొలిచేది) మేం వెళ్లిన చోట ఒక కుర్రాడు వచ్చి జెల్ రాసి, గబగబా కొలతలు తీసేశాడు. డాక్టరుగారెక్కడ అంటే "రిపోర్టు మీద మేడమ్ సంతకం ఉంటుందిలెండి" అన్నాడు. బయట గోడకి తగిలించిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్నది మేడమ్ పేరొక్కటే. అమెరికా, బ్రిటన్‌లలో శిక్షణ పొందిన సోనోగ్రాఫర్లు (డాక్టర్లు కాని స్కాన్ నిపుణులు) స్కాన్ తీయడం మామూలే. మన దగ్గర మాత్రం పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ) చట్టం ప్రకారం గర్భిణికి స్కాన్ తీయాల్సింది అర్హత ఉన్న డాక్టరే. ఆ రిపోర్టులో రెండు అంకెలున్నాయి గానీ ముక్కు ఎముక ఊసే లేదు. మా గైనకాలజిస్ట్ చూసి మళ్లీ తీయించమన్నారు. ఎన్‌టీకి 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల వరకే గడువు కాబట్టి పరుగులు పెట్టాల్సొచ్చింది.

రెండో సెంటరు పాత బిల్డింగులో, ఇరుకు మెట్ల పైన. టిఫా కూడా అక్కడే తీయించాం. డాక్టరమ్మే ప్రోబ్ (స్కాన్ తీసే పరికరం) పట్టుకుని తల, వెన్నెముక, గుండె గదులు, కిడ్నీలు, చేతులు, కాళ్లు అన్నీ వరసగా చూసుకుంటూ వెళ్లారు. పాప బోర్లా తిరిగి ఉండడంతో పెదాలు కనబడలేదు. కనబడనిదాన్ని నార్మల్ అని రాసేసి పంపేయొచ్చు, చాలా చోట్ల అదే జరుగుతుందని నా అనుమానం. ఆవిడ మాత్రం "కాసేపు అటూ ఇటూ నడిచి రామ్మా" అని బయటికి పంపి, మళ్లీ పిలిచి, పెదాలు కనబడ్డాకే రిపోర్టు ఇచ్చారు. అన్ని లోపాలూ స్కాన్‌లో దొరకవని కూడా అందులో రాశారు. ఆ వాక్యం చూసి కంగారు పడకండి, అది నిజాయితీగా రాసిన మాటే.

అక్కడే మా అత్తగారు "ఏ పేరు వెతుక్కోమంటారు డాక్టరుగారూ?" అని మెల్లగా కదిపారు. ఆవిడ నవ్వి, స్క్రీన్ ఇటు తిప్పి, "గుండె చూడండమ్మా, నాలుగు గదులూ బాగున్నాయి" అన్నారు, అంతే. సైగతో అయినా ఆడో మగో చెప్పే సెంటరైతే గుమ్మం తొక్కకండి. తీసినవాళ్లతో పాటు అడిగిన ఇంటివాళ్లకీ శిక్ష ఉంది, అడిగినవాళ్లకి మొదటిసారికే 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల వరకు జరిమానా. స్కాన్‌కి ముందు ఆ చట్టం కింద ఉండే ఫారం ఎఫ్ నింపించాలి, లింగం తెలుసుకోవాలని లేదని మీ ఆవిడ సంతకం తీసుకోవాలి. లింగ నిర్ధారణ నేరమన్న బోర్డు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉండాలి. ఫారం అడగకుండా లోపలికి పంపేశారంటే మిగతా పద్ధతులూ అలాగే ఉంటాయనుకోవచ్చు.

ఇక బిడ్డకి ప్రమాదమా అంటే, ఇది ఎక్స్‌రే లాంటి రేడియేషన్ కాదు, శబ్ద తరంగాలు. డాక్టరు అవసరమని రాసిన స్కాన్లకి భయపడక్కర్లేదు. స్క్రీన్ మీద టీఐ, ఎంఐ అని చిన్న అంకెలు కనిపిస్తాయి. టీఐ వేడికి, ఎంఐ తరంగాల ఒత్తిడికి సంబంధించినవి, వాటిని వీలైనంత తక్కువలో ఉంచడం తీసేవాళ్ల బాధ్యత. రక్త ప్రవాహం చూసే డాప్లర్‌లో శక్తి ఎక్కువ కాబట్టి తొలి వారాల్లో గుండె చప్పుడు వినిపించడానికని దాన్ని వాడరు, గుండె కదలికని గీతలా చూపించే ఎం-మోడ్‌లో కొలుస్తారు. ముఖం ఫొటో కోసం ప్యాకేజీలు అమ్ముతారు చూడండి, వాటికి మాత్రం నేను వద్దంటాను. లోపలి నుంచి (యోని ద్వారా) తీసే స్కాన్ అయితే ప్రోబ్ తుడిచి, మీ ముందే కొత్త తొడుగు వేయాలి. మగ డాక్టరైతే పక్కన నర్సు ఉండాలని అడగండి, ఇందులో మొహమాటం ఏమీ లేదు.

టిఫా 18 నుంచి 22 వారాల మధ్య తీస్తారు గానీ, 20 లోపే అయితే మంచిది. ఏదైనా తేడా కనిపిస్తే ఫీటల్ ఎకోకో (బిడ్డ గుండె స్కాన్) ఉమ్మనీటి పరీక్షకో టైం కావాలి, 24 వారాలు దాటాక అబార్షన్‌కి మెడికల్ బోర్డు అనుమతి కావాలి. వెళ్లేటప్పుడు మొదటి మూడు నెలల్లో తీసిన రిపోర్టు పట్టుకెళ్లండి. డెలివరీ డేటు దాని ప్రకారమే ఉంచాలి. టిఫాలో కొలతలు కాస్త అటూ ఇటూ అయ్యాయని కొత్త డేటు రాసిస్తే మీ గైనకాలజిస్ట్‌కి చూపించి అడగండి.