బాప్తిస్మం, జ్ఞానస్నానం: రెండూ వేర్వేరా?

కాదు, రెండూ నీళ్లతో క్రైస్తవంలోకి చేర్చుకునే ఒకే సంస్కారానికి పేర్లు. తెలుగులో ప్రొటెస్టెంట్లు ఎక్కువగా బాప్తిస్మం అంటారు, కతోలికులు జ్ఞానస్నానం అంటారు.

బాప్తిస్మం గ్రీకు మాట. దాని మూలంలో ఉన్నది ‘ముంచడం’. బట్టను రంగులో ముంచడానికీ గ్రీకులో అదే ధాతువు వాడేవారు. కొత్త నిబంధనలో గిన్నెలు, కుండలు కడిగే ఆచారం గురించి చెప్పే చోట కూడా (మార్కు 7:4) గ్రీకులో ఉన్నది ఈ మాటే. అక్కడ తెలుగు బైబిల్ ‘నీళ్లలో కడుగుట’ అని మామూలుగా రాసేసింది. సంస్కారం అన్నప్పుడు మాత్రం గ్రీకు పదాన్నే ఉంచేసింది. జ్ఞానస్నానం అలా కాదు, అర్థాన్ని సంస్కృత పదాలతో చెప్పే ప్రయత్నం. అందుకే యేసుకు యొర్దాను నదిలో బాప్తిస్మమిచ్చిన యోహానును కతోలికులు స్నాపక (అంటే స్నానం చేయించే) యోహాను అంటారు.

వాడుకలో బాప్తిస్మం ‘ఇస్తారు’, ‘తీసుకుంటారు’, కాస్త గ్రాంథికంగా అయితే ‘పొందుతారు’. ‘చేయించుకున్నాడు’ అంటే చెవికి కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది.

నీళ్లలో పూర్తిగా ముంచితే బాప్తిస్మం, తలమీద పోస్తే జ్ఞానస్నానం అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిల్లో పసిబిడ్డ తలమీద నీళ్లు చల్లి ఇచ్చేదీ బాప్తిస్మమే, బాప్టిస్టులు పెద్దవాళ్లను చెరువులోనో తొట్టిలోనో ముంచి ఇచ్చేదీ బాప్తిస్మమే. పద్ధతి సంఘాన్ని బట్టి మారుతుంది, మాటను బట్టి కాదు.