పిల్లలంటే ఇష్టం సరే, నోరు మూసుకుని కూర్చోగలరా?

"పిల్లల తిండి అలవాట్ల మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో స్టూడెంట్ అసిస్టెంట్‌గా చేరదామనుకుంటున్నాను. అనుభవం లేదు గానీ పిల్లలంటే చాలా ఇష్టం. పనికొస్తానా?" అని అడిగారు. అనుభవం సంగతి వదిలేయండి, అక్కడ చేరేటప్పుడు ఎవరికీ ఉండదు. నాకు భయమల్లా ఆ రెండో మాటే.

డిగ్రీ చదివేటప్పుడు రెండేళ్లు అలాంటి ల్యాబ్‌లో పనిచేశాను. పిల్లలంటే ప్రాణం పెట్టేవాళ్లే అక్కడ ఎక్కువ సెషన్లు పాడుచేశారు, ఎందుకంటే వాళ్ల నోరు ఊరుకోదు. పిల్లాడు క్యారెట్ ముక్క నోట్లో పెట్టుకోగానే "అబ్బో, ఎంత మంచోడివో!" అనేస్తారు. ఇక ఆ తర్వాత వాడు తిన్నది ఆకలికో మెప్పుకోసమో ఎవరూ చెప్పలేరు. పిల్లలతో ఏం మాట్లాడాలో మాకు ఒక కాగితం మీద రాసి ఇచ్చేవారు. అందులో ఒక్క మాట ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు. "బాగుందా?" అని అడగకూడదు. కనుబొమ్మలు ఎగరేయడం కూడా నిషేధమే.

ఇదేమీ మా ల్యాబ్ వాళ్లు కొత్తగా పెట్టిన పట్టింపు కాదు. క్లారా డేవిస్ అనే డాక్టర్ అప్పుడే తల్లిపాలు మానిన పిల్లల ముందు రకరకాల పదార్థాలు పెట్టి, ఏం కావాలో వాళ్లనే ఎంచుకోనిచ్చారు. 1928లో అచ్చయిన ఆ ప్రయోగంలో నర్సుల పని స్పూను పట్టుకుని ఊరికే కూర్చోవడం. పిల్ల చెయ్యి చాపితేనో, వేలు చూపిస్తేనో తప్ప కదలకూడదు. నన్నడిగితే ఈ రంగంలో అసిస్టెంట్ ఉద్యోగం అప్పటికీ ఇప్పటికీ అదే.

ఇక నా ఘనకార్యం చెబుతాను. ఆకలి లేకపోయినా పిల్లలు ఎంత తింటారో కొలిచే పద్ధతి ఒకటుంది. ఫిషర్, బర్చ్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో రాసినప్పటి నుంచి ఎన్నో ల్యాబుల్లో వాడుతున్నారు. ముందు పిల్లలకి కడుపునిండా భోజనం పెడతారు. బొజ్జ ఖాళీగా, సగం నిండి, పూర్తిగా నిండి ఉన్న బొమ్మలు చూపించి "నీ బొజ్జ ఏది?" అని అడుగుతారు. నిండింది అన్నాక చిప్స్, బిస్కెట్లు, చాక్లెట్ల గిన్నెలూ కొన్ని ఆట బొమ్మలూ ఉన్న గదిలో పది నిమిషాలు వదిలేస్తారు. మనం "పక్కగదిలో పనుంది" అని తప్పుకోవాలి. ప్రతి గిన్నెనీ ముందు తూచి ఉంటాం కాబట్టి తర్వాత మళ్లీ తూస్తే తేడా తెలిసిపోతుంది. గ్రాములో పదోవంతు వరకూ రాయాలి.

ఆ రోజు వచ్చింది నాలుగున్నరేళ్ల పిల్లాడు. పిల్లలకి కనబడకుండా గదిలోకి చూసే అద్దం వెనక నిలబడాల్సిన నా తోటి అసిస్టెంట్ వాళ్లమ్మకి ప్రశ్నపత్రంలో ఏదో అర్థంకాకపోతే చెప్పడానికి వెళ్లాడు. నేను వంటగదిలో భోజనం మిగుళ్లు తూస్తున్నాను. పది నిమిషాలయ్యాక గిన్నెలు తెచ్చి చూస్తే చిప్స్ 58.0 నుంచి 17.4కి దిగాయి. అంటే 40.6 గ్రాములు మాయం! ఇంత భోజనం తిన్నాక కూడా ఇంతా అని నోరెళ్లబెట్టి, అంకె వేసి, బొమ్మలన్నీ తుడిచి, చాలా గర్వంగా ఇంటికెళ్లాను.

రెండు రోజుల తర్వాత ఇంకో పిల్ల అదే గదిలో చెత్త లారీ బొమ్మతో ఆడుతూ దాని వెనక తలుపు తెరిచింది. లోపల నిండా చిప్స్. ఏమాత్రం ఆశ్చర్యపోకుండా రెండు తీసి నోట్లో వేసుకుంది. నేను అద్దం వెనక. బయటికి పరిగెత్తాలా, కాగితంలో లేని మాట మాట్లాడాలా? పరిగెత్తాను. ఎలర్జీల ఫారం తీసి చూసేదాకా ఉన్న టెన్షన్ ఏ పరీక్షకీ పడలేదు. ఆ పిల్లకి ఏ ఎలర్జీ లేదు, బతికిపోయాం.

పాత వీడియో వేసి చూస్తే ఆ పిల్లాడు తిన్నవి మూడంటే మూడు చిప్స్. మిగతా సమయమంతా గిన్నెలోని చిప్స్‌ని చెత్తలా ఎత్తి లారీలో లోడ్ చేస్తున్నాడు, చాలా శ్రద్ధగా, ఒక్కొక్కటి. నేను కాగితం మీద వాణ్ని తిండిపోతుని చేసిపెట్టాను. లారీని తుడిచింది కూడా నేనే, కాకపోతే పైపైన.

మాకు పని నేర్పిన పీహెచ్‌డీ అక్కకి చెబితే తిట్టలేదు. నేను వైట్‌నర్ తీయబోతే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపింది. తప్పు అంకె మీద ఒకటే గీత కొట్టాలి, కింద ఉన్నది కనబడాలి, పక్కన పొడి అక్షరాలూ తేదీ వేయాలి. ఆ రెండేళ్లలో నేను నేర్చుకున్నవాటిలో ఇప్పటి ఉద్యోగంలో రోజూ వాడుతున్నది ఇదొక్కటే. ఆ రెండు సెషన్లలోనూ చిప్స్ లెక్క పనికిరాకుండా పోయింది.

వీడియోలు చూసి గుర్తులు పెట్టడం మరో గోల. ఒకే వీడియోని ఇద్దరు విడివిడిగా చూసి ఎన్ని సార్లు కొరికాడో రాయాలి, ఇద్దరి లెక్కా కలవాలి. బిస్కెట్‌ని నాకి మళ్లీ గిన్నెలో పెడితే అది కొరికినట్టా కాదా అని మేమిద్దరం మధ్యాహ్నమంతా కొట్టుకున్నాం. నాకడం వేరు, కొరకడం వేరు. నేను ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను.

చేరితే ఇంకో బాధ కూడా ఉంది. మీరు అక్కడ పనిచేస్తున్నారని తెలిసిన ప్రతివాళ్లూ "మావాడు అన్నం తినడు, ఏం చేయాలి?" అని పట్టుకుంటారు. నాకు తెలిసిన జవాబు ఒకటే, బలవంతం చేయకండి. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో సూప్ తాగమని ఒత్తిడి పెట్టినప్పటి కంటే పెట్టనప్పుడే పిల్లలు ఎక్కువ తాగారు, సణుగుడూ తగ్గింది. ఈ మాట చెబితే ఒక్కరికీ నచ్చదు. "నీకు పిల్లలు పుట్టాక తెలుస్తుంది" అంటారు.

మీ ప్రశ్నకి వస్తే, చేరండి. రెజ్యూమెలో ఒక లైన్ కోసమో ప్రొఫెసర్ ఉత్తరం కోసమో వచ్చేవాళ్లు గిన్నెలు కడగడం మొదలవగానే తగ్గిపోతారు, కాబట్టి సీటు దొరుకుతుంది. ఇంటర్వ్యూలో పిల్లలంటే ఇష్టమని చెప్పకండి, తూకం సరిగా వేస్తానని చెప్పండి. మా ల్యాబ్‌లోనే చేరితే సెషన్ అయ్యాక చూసుకోవాల్సిన పనుల పట్టీలో పదకొండో నంబరు చదవండి. "బొమ్మల లోపల చూశారా?" అని ఉంటుంది. అది నా వల్ల వచ్చిందే.